వరంగల్ రోడ్ల మీద పడుకునేవాళ్లు, బల్దియా పైసలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలైందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. రైల్వే స్టేషన్ దగ్గర పడుకున్నవాళ్లకు ఎవరూ ఏమీ చేయరా, బల్దియాకు (మున్సిపల్ కార్పొరేషన్‌కు) నిధులు వస్తాయట కదా అవి ఎటు పోతున్నాయి, పోలీసులకు చెప్తే తీసుకెళ్తారా అని. ఒక్కొక్కరికి విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక జవాబులన్నీ ఒకచోట పెడుతున్నా. మధ్యమధ్యలో నా అభిప్రాయాలు కూడా ఉంటాయి, ఒప్పుకోకపోతే వదిలేయండి.

నిరాశ్రయులు అంటే బిచ్చమెత్తుకునేవాళ్లేనా?

కాదు. ఇది ముందు తేల్చుకోకపోతే ఆ తర్వాత పెట్టే ఖర్చంతా తప్పుదారి పడుతుంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు, ఎనుమాముల మార్కెట్‌కు సీజన్‌లో వచ్చే హమాలీలు, పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి పోయేవాళ్లు, చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు, వీళ్లలో చాలామందికి రోజూ పని ఉంటుంది, గది అద్దెకు మాత్రం ఉండదు, లేదా అద్దె కడితే ఊరికి పంపడానికి ఏమీ మిగలదు. కొడుకులు వదిలేసిన ముసలివాళ్లు, ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక బయటికి వచ్చిన ఆడవాళ్లు, మతిస్థిమితం లేక తిరిగేవాళ్లు వేరే. ఇక ఎంజీఎం ఆస్పత్రి ముందు చూడండి, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి పేషెంటును తీసుకొచ్చి లోపల చేర్పించి తాము బయట చాప వేసుకుంటారు. వాళ్లకు ఊళ్లో ఇల్లుంది, ఈ ఊళ్లో రాత్రికి నీడ లేదు.

2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. మొత్తం దాదాపు 17.7 లక్షలు, అందులో పట్టణాల్లో 9.4 లక్షల దాకా. ఒక్క రాత్రిలో లెక్కపెడితే దొరికినవాళ్లు వీళ్లు. గుడి వెనకో, మూసేసిన షట్టర్ సందులోనో ఒదిగి పడుకున్న మనిషి ఇలాంటి లెక్కలో పడడం కష్టం.

ఇది బల్దియా పనేనా? మోరీలు, రోడ్లు చూసుకుంటే చాలదా?

బల్దియా పనే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలు చూసుకోవాల్సిన 18 అంశాలున్నాయి. పట్టణ పేదరిక నిర్మూలన, బలహీన వర్గాల ప్రయోజనాలు కాపాడడం ఆ జాబితాలోవే, రోడ్లతో పాటే రాసి ఉన్నాయి. 2010 చలికాలంలో ఢిల్లీలో జనం చలికి చనిపోతుంటే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, ఆ తర్వాత వచ్చిన లెక్క ఏంటంటే పట్టణ జనాభాలో ప్రతి లక్ష మందికి ఒక షెల్టర్, అది ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలి. విలీన గ్రామాలతో కలిపి గ్రేటర్ వరంగల్ జనాభా 2011 లెక్కల్లోనే 8 లక్షలు దాటింది. అంటే కనీసం ఎనిమిది ఉండాలి. మీ ఊళ్లో ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయో, "నడుస్తున్నాయి" అన్న మాట మీద ఒత్తి పలికి మరీ, మీ కార్పొరేటర్‌ను అడగండి.

అసలు పైసలు ఎక్కడి నుంచి రావాలి?

నాలుగైదు జేబులున్నాయి, ప్రతి జేబుకూ ఒక షరతు ఉంది. గందరగోళమంతా అక్కడే.

ఇన్నాళ్లూ పెద్ద జేబు జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, 2013లో మొదలైంది. మన దగ్గర పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ద్వారా నడిచింది. అందులో పట్టణ నిరాశ్రయుల వసతి అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. స్థలం మాత్రం రాష్ట్రమో మున్సిపాలిటీయో ఉచితంగా ఇవ్వాలి. కొత్తది కట్టొచ్చు, ఉన్న బిల్డింగ్‌నే బాగుచేసుకోవచ్చు. నిర్వహణ ఖర్చు మాత్రం ఐదేళ్ల వరకే, ఆ తర్వాత మీ తిప్పలు మీరు పడండని లెక్క. పైగా ఆ మిషన్ గడువే 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. 2025 ఫిబ్రవరిలో పట్టణ నిరాశ్రయుల వసతి మీద కేసు విచారణలో సుప్రీంకోర్టు, కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ ఎప్పటికి వస్తుందని కేంద్రాన్ని అడిగింది కూడా. దరఖాస్తు పట్టుకుపోతే "స్కీమ్ అయిపోయిందండీ" అనే మాట వినిపించేది ఇందుకే. స్కీమ్ అయిపోతే బాధ్యత అయిపోదు అని మీరు వెంటనే అనాలి.

రెండోది ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం, పది లక్షల జనాభా దాటని నగరాలకు ఇచ్చేదాంట్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది, మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోమంది. షెల్టర్ స్థానిక అవసరమే. కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడొద్దని షరతు. అంటే మంచాలు, బాత్రూంలు, సోలార్ హీటర్ దాకా సరే, అక్కడ రాత్రిపూట మేలుకొని ఉండే కేర్‌టేకర్ జీతం దగ్గర మళ్లీ ఆగిపోతాం.

మూడోది స్మైల్ పథకం. కేంద్ర సామాజిక న్యాయ శాఖది, 2022లో మొదలైంది, బిచ్చమెత్తుకునేవాళ్ల పునరావాసానికి. మొదట ఎంపిక చేసిన 30 నగరాల్లో చారిత్రక నగరాల కింద వరంగల్ పేరు ఉంది. సర్వే, వసతి, పని నేర్పించడం అన్నీ ఇందులోకి వస్తాయి. తిరకాసు ఏంటంటే ఇది బిచ్చమెత్తేవాళ్లకు. అడ్డా కూలీ దీంట్లోకి రాడు.

నాలుగోది కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే ఖర్చు. వృద్ధాశ్రమాలు, ఆడవాళ్లకు హాస్టళ్లు చట్టంలోని జాబితాలోనే ఉన్నాయి కాబట్టి అడగొచ్చు. అయితే కంపెనీలకు శిలాఫలకం మీద పేరు పడే పనులంటేనే మోజు, నెలనెలా కరెంటు బిల్లు కట్టమంటే ముఖం చాటేస్తాయి.

ఐదోది బల్దియా సొంత రాబడి. ఆస్తి పన్ను, భవన అనుమతులు, దుకాణాల అద్దెలు. షరతులు లేనిది ఇదొక్కటే, అందుకే నా వాదనంతా దీని చుట్టూనే.

షెల్టర్‌కు ఏడాదికి ఆరు లక్షలు ఇచ్చేవాళ్లట కదా, తక్కువేం కాదుగా?

మిషన్ మార్గదర్శకాల్లో ఉన్నది అదే, 50 మంది ఉండే షెల్టర్‌కు నిర్వహణ కోసం ఏడాదికి 6 లక్షల వరకు. ఒకసారి విప్పి చూద్దాం. నెలకు 50 వేలు. మనిషికి నెలకు వెయ్యి. రోజుకు 33 రూపాయలు కూడా నిండవు. మూడు షిఫ్టులకు ముగ్గురిని పెట్టి తలా పది వేలు ఇచ్చినా 30 వేలు అక్కడే పోతాయి, పది వేలకు రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరు దొరుకుతారో మీరే ఆలోచించండి. మిగిలిన 20 వేలలో కరెంటు, నీళ్లు, ఫినాయిల్, దుప్పట్లు ఉతికించడం, రిపేర్లు, గ్యాస్. మందులు, బట్టలు, ఇంటికి చేర్చడానికి బస్సు చార్జీలు ఎవరో పుణ్యాత్ములు ఇస్తే ఉన్నట్టు.

అదీ సమయానికి వస్తే. నడిపే సంస్థలకు బిల్లు నెలల తరబడి ఆగడం ఎక్కడైనా వినే కథే. మహిళా సమాఖ్యో చిన్న స్వచ్ఛంద సంస్థో అయితే అప్పు తెచ్చి ఎన్ని నెలలు నెట్టుకొస్తుంది? ముందు వంట ఆగుతుంది, తర్వాత ఒక కేర్‌టేకర్ మానేస్తాడు, ఆపైన రాత్రి తొమ్మిది దాటితే గేటు తీయరు. కాగితం మీద షెల్టర్ మాత్రం భేషుగ్గా ఉంటుంది.

షెల్టర్ ఉన్నా జనం ఎందుకు పోరు? వాళ్లకే ఇష్టం లేదంటారు కదా?

కొందరికి నిజంగానే ఇష్టం ఉండదు, కానీ ఎందుకో అడిగిన తర్వాత ఆ మాట అనాలి. పొద్దున ఐదింటికి అడ్డా మీద ఉండాల్సిన మనిషికి ఆరు కిలోమీటర్ల అవతల మంచం ఇస్తే పోడు. తోపుడు బండి, గోనె సంచి పెట్టుకోవడానికి చోటు లేదంటే పోడు. మొగుడూ పెళ్లాలను విడదీస్తామంటే పోరు. కుక్కను వదలలేక ఆగిపోయే ముసలాళ్లు కూడా ఉంటారు, నవ్వకండి, ఆ కుక్కే రాత్రి కాపలా. తాగి వస్తే రానివ్వం అని బోర్డు పెడతారు, సరే, మరి ఆ తాగినవాడు చలిలో ఎక్కడ పడాలి అన్నదానికి ఆ బోర్డులో జవాబు లేదు.

అందుకే చోటు ముఖ్యం. వరంగల్ స్టేషన్, కాజీపేట జంక్షన్, హన్మకొండ బస్టాండ్, ఎంజీఎం, ఈ నాలుగింటికీ నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. ఊరి చివర ఖాళీ కమ్యూనిటీ హాల్ ఉందని అక్కడ పెడితే ఖాళీగానే ఉంటుంది.

కోఆర్డినేషన్ అని మాటిమాటికీ అంటారు. అందరూ కలిసి మీటింగ్ పెట్టుకోవడమేనా?

మీటింగులకు కొదవ లేదు. మన ఊరి సమస్యే వేరు, కొంచెం ఓపికగా చదవండి.

2021 ఆగస్టులో జిల్లాల పేర్లు, హద్దులు మారాక గ్రేటర్ వరంగల్ నగరం రెండు జిల్లాల్లో పడింది. కాజీపేట, హన్మకొండ ఒక కలెక్టర్ కింద, వరంగల్ స్టేషన్ వైపు ఇంకో కలెక్టర్ కింద. సంక్షేమ శాఖ అధికారులు ఇద్దరిద్దరు. బల్దియా ఒక్కటే, పోలీస్ కమిషనరేట్ ఒక్కటే. రైల్వే ప్లాట్‌ఫాం మీద పడుకున్న మనిషి రైల్వే పోలీసుల (ఆర్పీఎఫ్, జీఆర్పీ) పరిధి, అదే మనిషి గేటు దాటి బయట రోడ్డు మీద పడుకుంటే బల్దియా పరిధి. బస్టాండ్‌లో అయితే ఆర్టీసీ. జబ్బు చేసి ఎంజీఎంలో చేరితే వైద్య శాఖ, డిశ్చార్జ్ అయ్యి గేటు బయటికి రాగానే మళ్లీ ఎవరి పరిధీ కాదు. ఒకే మనిషి ఒకే వారంలో ఇన్ని ఆఫీసుల హద్దులు దాటుతుంటాడు, ఎవరి దగ్గరా అతని కాగితం ఉండదు.

కోఆర్డినేషన్ అంటే ఈ హద్దులన్నీ దాటుకుంటూ ఆ మనిషి వెంట నడిచేవాళ్లు ఉండడం. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా తిరిగే బృందం, పొద్దున ఆ పేర్లన్నీ చూసి ఎవరికి ఆస్పత్రి, ఎవరికి ఆధార్, ఎవరికి ఊరి టికెట్ అని పంచే ఒక కోఆర్డినేటర్, అందరికీ ఒకే జాబితా. నా అంచనా చెప్తా, మీరు దిద్దుకోండి. ముగ్గురేసి రెండు బృందాలు, తలా 15 వేలు, మొత్తం 90 వేలు. ఒక బండి, డ్రైవర్, డీజిల్ కలిపి 40 వేలు. కోఆర్డినేటర్‌కు 35 వేలు. నెలకు 1 లక్షా 65 వేలు, ఏడాదికి 20 లక్షల లోపే. వందల కోట్లలో బడ్జెట్ చదివే బల్దియాకు ఇది ఒక గల్లీలో సీసీ రోడ్డు ఖర్చు. మొక్కలకు బడ్జెట్‌లో 10 శాతం తీసిపెట్టాలని 2019 మున్సిపల్ చట్టంలో రాసుకున్నాం, మంచిదే, చెట్టు కింద పడుకున్న మనిషికి అర శాతం కూడా రాసుకోలేదు.

ఇంత చిన్న మొత్తం ఎందుకు పెట్టరంటే దీన్ని రిబ్బన్ కట్ చేసి ప్రారంభించలేరు. నా ఊహే అనుకోండి.

పోలీసులు వ్యాన్‌లో ఎక్కించి ఎక్కడో ఒకచోట పెడితే అయిపోదా?

2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో చూశాం కదా. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, ఇవాంకా ట్రంప్ రాక, దానికి కొద్దిగా ముందు నుంచి రెండు నెలల పాటు బిచ్చమెత్తడంపై నిషేధం. జనాన్ని చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. తర్వాత సిగ్నళ్లు మళ్లీ ఎలా ఉన్నాయో హైదరాబాద్ పోయి వచ్చే ప్రతి ఒక్కరికీ తెలుసు. మన దగ్గర 1977 నాటి బిచ్చమెత్తడం నివారణ చట్టం ఒకటుంది. ఢిల్లీలో అమలైన అలాంటి చట్టంలో బిచ్చాన్ని నేరంగా చూసే సెక్షన్లను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, అది ఢిల్లీకే వర్తిస్తుంది గానీ అందులో అడిగిన ప్రశ్న అందరిదీ: తిండి, వసతి ఇవ్వలేని ప్రభుత్వం ఆకలిని నేరమని ఎలా అంటుంది?

పోలీసులు అక్కర్లేదని కాదు. రాత్రి బృందంతో ఒక కానిస్టేబుల్ ఉంటే ఆడవాళ్లకు ధైర్యం. ముందు వెళ్లి పలకరించేది మాత్రం ఖాకీ బట్టలు కాకూడదు.

మతిస్థిమితం లేనివాళ్ల సంగతేంటి? షెల్టర్‌లో పెట్టొచ్చా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అలా తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషి కనిపిస్తే పోలీస్ స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటల లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. కుటుంబాన్ని వెతకడానికి తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ కట్టాలి. ఆస్పత్రిలో చేర్చుకోవాల్సిన అవసరం లేదని డాక్టర్ అంటే, ఇల్లు లేని మనిషిని ప్రభుత్వ నిరాశ్రయుల వసతికి పంపాలి. అంటే ఆ వసతి ఊళ్లో ఉందనే నమ్మకంతో చట్టం రాశారన్నమాట. మామూలు షెల్టర్‌లో ముగ్గురు కేర్‌టేకర్లతో ఇది కుదరని పని, నెలనెలా మందు ఇచ్చే నర్సు ఉండాలి, అందుకు వేరే నిధి ఉండాలి.

ఆధార్ లేకపోతే రానివ్వరా?

రానివ్వాలి. ఒక రాత్రి పడుకోవడానికి ఆధార్ అడిగితే అది షెల్టర్ కాదు, లాడ్జి. అయితే తర్వాత ఆధార్ చేయించడం అవసరం, పింఛను, రేషన్, ఆస్పత్రి అన్నీ దానికే ముడిపడ్డాయి కాబట్టి. గుర్తింపు ఉన్న షెల్టర్ అయితే దాన్ని నడిపే అధికారి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆ చిరునామా మీదే ఆధార్ తీసుకోవచ్చు. ఓటు కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఇల్లు లేని మనిషి ఓటు నమోదు చేసుకునే ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) రాత్రిపూట ఒకటికి రెండుసార్లు వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి. వేరే అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. ఓట్లున్నాయని తెలిస్తే కార్పొరేటర్లకు ఈ జనం కళ్లకు ఆనతారు, ఇది వ్యంగ్యంగా అనడం లేదు.

మేం దుప్పట్లు పంచుతున్నాం, అది చాలదా?

పంచండి. ఒకే మనిషికి ఒకే రాత్రి మూడు సంఘాలు దుప్పట్లు ఇచ్చి ఫొటో దిగిపోతే, అందులో రెండు పొద్దున అమ్ముడవుతాయి, తప్పు ఆయనది కాదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో ఊరు మునిగినప్పుడు దుప్పటి ఏం చేస్తుంది? మే నెల ఎండకు ఏం చేస్తుంది? వీలైతే ఆ పైసలతో ఒక కేర్‌టేకర్ నెల జీతం ఇవ్వండి.

వేరే దేశాల్లో ఎలా చేస్తారు?

అమెరికాలో 1995 నుంచి ఒక పద్ధతి ఉంది. ఒక ప్రాంతంలో నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థలు, స్థానిక ప్రభుత్వం అన్నీ కలిసి కేంద్రానికి ఒకే దరఖాస్తు పెట్టుకోవాలి, విడివిడిగా పోతే కుదరదు. దాంతో అక్కడ సమస్య తీరిపోయిందని కాదు, తీరలేదు. కానీ పైసలు కావాలంటే ముందు కలవక తప్పదు. ఫిన్లాండ్ 2008 నుంచి ముందు తాళంచెవి చేతిలో పెట్టి తర్వాత మిగతా సమస్యలు చూస్తోంది. మనం అంత దూరం పోకపోయినా ఆ ఒకే దరఖాస్తు పద్ధతి రెండు కలెక్టరేట్ల మధ్య ఉన్న మన ఊరికి సరిగ్గా సరిపోతుంది.

బడ్జెట్‌లో పైసలు పెట్టించాలంటే నేనేం చేయాలి?

ముందు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో బల్దియా పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. "నిరాశ్రయులకు ఏం చేస్తున్నారు" అని అడగకండి, దానికి ఒక పేరా శుభ్రమైన తెలుగులో వస్తుంది, అంతే. గత మూడేళ్లలో షెల్టర్లకు పద్దుల వారీగా ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయ్యింది, నడిపే సంస్థతో ఒప్పందం కాపీ, ఏ బిల్లు ఏ తేదీన పెట్టారు ఏ తేదీన చెల్లించారు, నెలవారీ హాజరు రిజిస్టర్ కాపీ, చివరి సర్వే ఎప్పుడు జరిగింది. ఇవి అడగండి. బిల్లుల తేదీలే అసలు కథ చెప్తాయి.

ఆ కాగితాలు చేతికొచ్చాక సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, బల్దియాలో ఒకటి, రెండు కలెక్టరేట్లలో ఒక్కోటి, ఒకే కాగితం మూడు చోట్ల. బడ్జెట్ ముసాయిదా తయారయ్యేది ఏప్రిల్‌కు ముందు నెలల్లో కాబట్టి డిసెంబర్, జనవరిలోనే మొదలుపెట్టాలి. మార్చి చివర్లో పోతే పుస్తకం అచ్చయిపోయిందంటారు. కౌన్సిల్ ఉంటే కార్పొరేటర్‌తో ప్రశ్న వేయించండి, లేకపోతే స్పెషల్ ఆఫీసర్‌కు రాయండి. అడగాల్సింది ఒక్కటే: "నిరాశ్రయుల వసతి, రాత్రి బృందం నిర్వహణ" అని విడిగా ఒక పద్దు, సొంత రాబడి నుంచి. "ఇతర సంక్షేమ కార్యక్రమాలు"లో కలిపేశాం అంటే ఒప్పుకోకండి, కలిసిన పైసలు మళ్లీ కనపడవు.

ఇవాళ రాత్రే ఒక మనిషి కనిపిస్తే?

స్పృహ లేకపోయినా, గాయమున్నా 108. ముసలివాళ్లయితే 14567, ఆడవాళ్లయితే 181, పిల్లలయితే 1098, ప్రమాదం అనిపిస్తే 112. ఫోన్ చేసి వెళ్లిపోకుండా బండి వచ్చేదాకా కాసేపు ఆగండి. ఎత్తి లాక్కెళ్లమని మాత్రం చెప్పకండి, ముందు పేరు అడగండి, తిన్నారా అని అడగండి. అడక్కుండా ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి.

షెల్టర్ కావాలి సరే, మా గల్లీలో మాత్రం వద్దు. తప్పా?

భయం సహజం, నేను తీసిపారేయను. కానీ ఒకటి చూడండి, ఆ మనుషులు ఇప్పటికే మీ గల్లీ చివరే పడుకుంటున్నారు, బాత్రూం లేకుండా, లైటు లేకుండా. షెల్టర్ వస్తే రాత్రంతా మేలుకొని ఉండే ఒక కేర్‌టేకర్, ఒక రిజిస్టర్, ఒక ఫోన్ నంబర్ వస్తాయి. షెల్టర్ నిర్వహణ కమిటీలో చోటు కావాలని అడగండి, గేటు ఎన్నింటికి తీస్తారు, చెత్త ఎవరు తీస్తారు, గొడవైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ముందే రాయించుకోండి. ఇదంతా అయ్యాక కూడా వద్దనిపిస్తే, ఆ స్థలానికి నడిచే దూరంలో ఇంకో బిల్డింగ్ చూపించి అభ్యంతరం రాయండి, ఊరికే వద్దు అని రాస్తే ఫైలు అక్కడే ఆగుతుంది, వాళ్లు మీ గల్లీ చివరే ఉంటారు.